మూడో కుర్చీ

నేను బడి మానేసింది పదిహేనో ఏట. నేను మానేశానని బడి బెంగ పెట్టుకున్నట్టు ఎవరూ చెప్పలేదు. అలాంటివాణ్ణి, ఇప్పుడు పదకొండేళ్లుగా రోజూ అందరికంటే ముందు బడికొస్తున్నాను. ఒక్కరోజు ఎగ్గొట్టలేదు. కాకపోతే నా గది తరగతుల వైపు కాదు, గ్యాస్ సిలిండర్ల వైపు. కేంటీన్ నాది.

మలేసియాలో, క్లాంగ్ అనే ఊళ్లో ఒక షాపుల వరసలో పై రెండంతస్తులు మా బడి. కింద టైర్ల కొట్టు. పైన చిన్నపిల్లలు లాటిన్ వల్లెవేస్తుంటే కింద గాలి కొట్టే మిషను తాళం వేస్తుంది. గోడ పక్కనే నా పొయ్యి కాబట్టి, ఇన్నేళ్లలో నాకూ కొంచెం లాటిన్ అంటుకుంది. అర్థం అడక్కండి. వల్లెవేసే పిల్లల్ని అడిగినా వాళ్లూ చెప్పలేరు, అదొక్కటే నాకు ఓదార్పు.

దీన్ని క్లాసికల్ క్రిస్టియన్ స్కూలు అంటారు. అంటే ఏమిటని చేరిన కొత్తలో హెడ్ టీచర్ని అడిగాను. అరవై దాటిన తమిళావిడ, నన్ను తమ్ముడన్నట్టు తంబి అంటుంది. "చిన్నప్పుడు బాగా గుర్తుపెట్టుకోవడం నేర్పిస్తాం. కాస్త ఎదిగాక బాగా వాదించడం. పెద్దయ్యాక బాగా మాట్లాడడం. అన్నిటి మధ్యలో దేవుడు" అంది.

"మా ఆవిడ ఈ మూడూ ఏ బడికీ వెళ్లకుండానే చేస్తుంది టీచర్."

ఆవిడ నవ్వలేదు, కానీ కేంటీన్ ఇచ్చింది. నుదుట విబూదితో నేను, మెడలో శిలువతో ఆవిడ. ఇన్నేళ్లలో మా ఇద్దరికీ తగువొచ్చింది సాంబల్ పచ్చడిలో కారం దగ్గరే.

రెండేళ్ల కిందటి వరకూ ఈ బడిలో ఆఖరి రెండు తరగతులంటే ఒకటే పరుగు. ఒక్కొక్కరికి ఆరేసి అడ్వాన్స్‌డ్ పరీక్ష పేపర్లు. పిల్లలు మధ్యాన్నం నా కౌంటర్ దగ్గర నిలబడి ఒక చేత్తో నూడుల్స్, ఇంకో చేత్తో నోట్సు. నూడుల్స్ కిందికి దిగేవి, నోట్సు పైకి ఎక్కేవి, రెండూ సాయంత్రానికి అరిగిపోయేవి.

ఆ మాట నేను సరదాకే అనేవాణ్ణి. అది సరదా కాదని తేలిన రోజు నేనక్కడే ఉన్నాను. ముందటేడు అన్నిట్లో మొదటి మార్కులు తెచ్చుకున్న కుర్రాడు, కాలేజీలో చేరిన నాలుగు నెలలకి, టీచర్లని చూసిపోదామని వచ్చాడు. హెడ్ టీచర్ మురిసిపోయి, కేంటీన్లో టీ ఇప్పించి, "నువ్వు అంత గొప్పగా రాశావే, ఆ పుస్తకంలో ఇప్పటికీ నీకు బాగా నచ్చేది ఏమిటి?" అని అడిగింది. ఆ కుర్రాడు టీ తాగాడు. మళ్లీ తాగాడు. "ఏ పుస్తకం టీచర్?" అన్నాడు.

వాడు వెళ్లాక నా బల్ల మీదే చాలాసేపు కూర్చుంది. "తంబి, మనం పిల్లల్ని గొప్ప పుస్తకాల దగ్గరికి తీసుకెళ్తున్నాం అనుకున్నాను. వాటి మీద నుంచి పరిగెత్తిస్తున్నాం."

ఆ తర్వాతి ఏడాది పేపర్లు తెగ్గోసింది. కాలేజీకి కావలసిన రెండు మూడు ఉంచి, మిగతావి తీసేసింది. వాటి బదులు తక్కువ పుస్తకాలు, మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా. ఒక్కొక్కరూ తమ సొంత విషయం మీద ఒక పెద్ద వ్యాసం రాయాలి. రాసి ఇచ్చి ఇంటికెళ్లిపోవడం కుదరదు, ముగ్గురి ముందు కూర్చుని దానికి జవాబు చెప్పుకోవాలి. అందులో గట్టెక్కితేనే ఆఖరి ఏడాది అడ్వాన్స్‌డ్ తరగతి.

తల్లిదండ్రుల మీటింగులో టీ పోసింది నేనే కాబట్టి ఆ గొడవంతా విన్నాను. అందరికంటే గట్టిగా లేచినవాడు మనవాడే. పోర్ట్‌లో గుమస్తా, మన తెలుగువాళ్లే, వాళ్ల తాతలూ మా తాతల్లాగే శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి ఎస్టేటు తోటల్లో పనికి వచ్చినవాళ్లు. దేవుళ్లు వేరైనా క్లాసులో పిల్లలు తక్కువని కూతుర్ని ఇక్కడ వేశాడు. ఆ పిల్ల ఎప్పుడూ క్లాసులో మొదటిది. పేపరు మీద ఆ పిల్లకి తిరుగులేదు.

"నోటితో సెప్తే మార్కు ఎవులేస్తారు? ఎలగేస్తారు? రేపు కాలేజీవోడు అడిగితే ఏటి సూపించాల?" అని నా దగ్గరికొచ్చి తెలుగులో అన్నాడు, పైన ఇంగ్లీషులో అడిగింది చాలదన్నట్టు.

"నన్నడుగుతావేటి తమ్ముడూ, నాకైతే పేపరు మీదా రానేదు, నోటిమీదా రానేదు."

నవ్వలేదు. ఒక్క ఏడాది చూస్తానన్నాడు. ఆ ముగ్గురి ముందు కూతురు గట్టెక్కకపోతే, పేపర్లు రాయించే ఇంకో బడిలో వేసేస్తానని హెడ్ టీచర్‌కి మొహం మీదే చెప్పాడు. అవతలి బడి ఫారం అప్పటికే తెచ్చి బ్యాగులో పెట్టుకున్నాడు కూడా.

ఆ పిల్లకి అది చావుకబురులా ఉంది. ఇక్కడే ఉండాలని ఆమె కోరిక. పేపరు ఇస్తే పేజీలు పేజీలు నింపేసే పిల్ల, పేపరు లేకుండా మనిషి మొహం చూసి జవాబు చెప్పాలంటే ఎలా తప్పించుకుందామా అని చూసేది. కౌంటర్ దగ్గర కూడా అంతే. నేను "ఎలగుందే అమ్మా మీగొరెంగ్?" అని నా వేపుడు నూడుల్స్ గురించి అడిగితే, "సెడాప్, అంకుల్" అని రుచిగా ఉందని మలయ్‌లో ఒక్క మాట అనేసి వెళ్లిపోయేది. తెలుగు అర్థమవుతుంది, తిరిగి చెప్పమంటే సిగ్గు.

ఇంతలో హెడ్ టీచర్ నా దగ్గరికొచ్చింది. ముగ్గురిలో ఒకరు తాను, ఒకరు తర్కం చెప్పే చైనీస్ మాష్టారు. మూడో కుర్చీలో ఆ విషయం ఎన్నడూ చదవనివాళ్లు కూర్చోవాలని ఆవిడే పెట్టుకున్న నియమం. చదవనివాడికి అర్థమయ్యేలా చెప్పలేకపోతే చెప్పేవాళ్లకీ అర్థం కానట్టేనట.

"నువ్వు కూర్చో తంబి."

నేను నూనె గరిటె కింద పెట్టాను. "టీచర్, నేను చదవనిది ఈ ఒక్క విషయం కాదు. అన్ని విషయాలూ."

"అందుకే."

"మరి తీర్పు?"

"తీర్పు ముందు నువ్వే చెప్పాలి. మేం ముందు చెబితే నువ్వు మా మొహాలు చూసి చెబుతావు."

ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ కూరగాయలు తరగడం ఆపేసింది. "నువ్వా? పరీచ్చ పెడతావా? రాయడవేటి, నీ పరీచ్చకి నువ్వే ఎల్లనేదు కదా."

"అందుకే నన్ను పిలిసినారు."

"ఆ పిల్లని నవ్వించకు" అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో మా ఆవిడ నాకిచ్చిన సలహాల్లో నేను వినాల్సింది ఇదొక్కటే. ఇదే వినలేదు.

ఆ పిల్ల వ్యాసం ఇరవై పేజీలు. విషయం: అబద్ధం ఎప్పుడైనా సరే తప్పే, దానికి మినహాయింపు లేదు. నాకు ఒక కాపీ ఇచ్చారు. మూడు రాత్రులు కాదు, మూడు ఆదివారాలు కూర్చుని చదివాను. ప్రతి పేజీలోనూ ఎవరో ఒక పాత పెద్దమనిషి వచ్చి ఏదో ఒకటి చెప్పి వెళ్తున్నాడు. అందరూ వచ్చారు. ఆ పిల్ల మాత్రం రాలేదు.

ఆ రోజు పైగదిలో ముగ్గురం వరసగా కూర్చున్నాం. ఎదురుగా ఆ పిల్ల. తల్లిదండ్రులు వెనక కూర్చుని వినవచ్చు, అందుకని వాళ్ల నాన్న గోడవారగా, ఒళ్లో బ్యాగుతో. మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి, నాకు అర్థమైనంత మటుకు తెలుగులో చెబుతున్నాను.

తర్కం మాష్టారు ఏదో అడిగితే గడగడా చెప్పేసింది. హెడ్ టీచర్ అడిగినదానికీ అంతే, తొమ్మిదో పేజీ మొదటి పేరా, అక్షరం పోకుండా. ఇక నా వంతు వచ్చింది.

నేనేమీ పెద్ద ఎత్తు వేయలేదు. నాకు తెలిసిన అబద్ధాలే తక్కువ, అవీ కేంటీన్ చుట్టూ ఉండేవే. "అమ్మాయ్, నా నూడుల్స్ ఎలా ఉన్నాయని రోజూ అడుగుతాను. రోజూ బాగున్నాయంటావు. రోజూ సగం ప్లేటు చెత్తబుట్టలో పడేస్తావు. నేను బుట్ట చూస్తూనే ఉంటాను. అది అబద్ధమా, కాదా?"

ఆ పిల్ల నోరు తెరిచింది. మూసింది. చూపు కాగితాల మీదికి పోయింది, అక్కడ ఆ జవాబు లేదు. చూపు పైకెత్తి నన్ను చూసింది. నిజంగా చూసింది, ఇన్నేళ్లలో మొదటిసారి. బుగ్గలు ఎర్రబడ్డాయి. ఏదో వస్తోంది. నాలుగు సెకన్లయి ఉంటుంది, ఐదు.

నిశ్శబ్దం నాకు పడదు. కేంటీన్లో పదకొండేళ్లు ఉన్నవాడికి నిశ్శబ్దమంటే ఏదో మాడిపోతున్నట్టు లెక్క. ఆ పిల్ల మొహం చూసి జాలేసింది. చూస్తూ ఊరుకోలేకపోయాను.

"పోనీలే, అది అబద్ధం కాదులే, దానం. నాకు నువ్వు వేసిన భిక్ష" అన్నాను.

తర్కం మాష్టారు పక్కున నవ్వాడు. వెనక వాళ్ల నాన్న కూడా నవ్వాడు, నేను ఏడాదిగా ప్రయత్నిస్తే నవ్వనివాడు. ఆ పిల్ల కూడా నవ్వింది, హమ్మయ్య అన్నట్టు. నవ్వి, కాగితాలు సర్దుకుని, "దానం గురించి ప్రాచీనులు ఏమన్నారంటే" అని పదకొండో పేజీలోకి దూరిపోయింది. ఇక బయటికి రాలేదు.

హెడ్ టీచర్ పెన్ను కింద పెట్టేసింది.

పిల్లనీ తండ్రినీ బయటికి పంపాక తీర్పు ముందు నన్నే చెప్పమన్నారు. నాకు తెలిసిందే చెప్పాను. "ఆ పిల్లకి ఏదో వచ్చింది టీచర్. నేనే అడ్డుపడ్డాను."

"నువ్వు మంచి ప్రశ్న అడిగావు" అంది ఆవిడ. "ఈ బడిలో ఇన్నేళ్లలో మేమెవరం ఆ పిల్లని అడగని ప్రశ్న. ఆ పిల్ల ఒక మెట్టెక్కబోయింది. నువ్వు నిచ్చెన లాగేశావు."

"ఆ పిల్ల ఇబ్బంది పడుతోందని."

"పడనీ. పేపర్లు తీసేసింది దానికే. పేపరు మీద ఆలోచించడానికి టైము ఉండదు, ఇక్కడైనా ఉండాలి కదా."

ఇన్నాళ్లూ సాంబల్ కారం మీద అరవడమే తప్ప తిట్టని మనిషి, ఈసారి మెల్లగా తిట్టింది. మెల్లగా తిడితే ఎక్కువ సేపు ఉంటుంది. తీర్పు ముగ్గురిదీ ఒకటే అయింది: ఇంకా కాలేదు. వచ్చే గురువారం మళ్లీ. ప్రశ్న అదే, కుర్చీలు అవే.

కబురు విన్న గుమస్తా మర్నాడు నేరుగా కౌంటర్ దగ్గరికొచ్చాడు. "ఏటన్నా, మా పిల్లకి నువ్వే అడ్డమా?"

"అవును తమ్ముడూ, నానే."

అలా ఒప్పుకుంటానని అతను అనుకోలేదు. తిట్టడానికి తెచ్చుకున్న మాటలు పక్కన పెట్టుకోవలసి వచ్చింది. "గురువారం ఆఖరు" అన్నాడు. "కాకపోతే శుక్రవారం పొద్దున్న ఫారం ఇచ్చేస్తాను. పిల్ల అన్నం తిన్లేదు తెలుసా?"

నాకు తెలుసు. ఆ వారం ఆ పిల్ల నూడుల్స్ దగ్గరికే రాలేదు. వచ్చినా నేను ఎలగుందని అడగలేను, ఆమె బాగుందని అనలేదు. ఒక రోజు తాగడానికి మైలో కొనుక్కుని, చేతిలో కప్పు వైపే చూస్తూ, "అంకుల్, గురువారం మీరు... మళ్లీ జోక్ చెప్తారా?" అంది, తెలుగులోనే.

"సెప్పను."

"ప్రామిస్ లా?" అంది, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే "లా"తో.

"ప్రామిసే."

అది ఆ పిల్లకంటే నాకే పెద్ద పరీక్ష అని మా ఆవిడకి వెంటనే అర్థమయింది. వారమంతా నాకు ట్యూషన్ పెట్టింది. ఏదైనా అడిగి, ముప్పై లెక్కపెట్టే దాకా నోరు విప్పకూడదంటుంది. "ఈ సీర ఎలగుంది?" అని అడిగింది మొదటి రోజు. నేను మనసులో లెక్కపెడుతున్నాను. ఇరవై దగ్గర తనే, "సీర గురించి అంత ఆలోసించాలేటి?" అని విసురుగా లోపలికెళ్లిపోయింది. ట్యూషన్ అక్కడితో కొంచెం కుంటుపడింది.

గురువారం మళ్లీ ముగ్గురం వరసగా. పిల్ల ఎదురుగా. తండ్రి గోడవారగా. ఆ పిల్ల చేతిలో ఈసారి ఒక్క కాగితం కూడా లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుర్చీ కింద పెట్టుకుంది.

అదే ప్రశ్న అడిగాను.

ఇక మొదలైంది. కింద టైర్ల కొట్టులో ఎవరో నట్లు బిగిస్తున్నారు. ఫ్యాన్ తిరుగుతోంది. పది సెకన్లు. తర్కం మాష్టారు గొంతు సవరించుకోబోయి మానేశాడు. ఇరవై. ఆ పిల్ల పెదవి కొరుక్కుంటోంది. నా నోట్లోకి ఒక జోకు వచ్చింది. మింగాను. ఇంకోటి వచ్చింది, అది మామూలుదే, అదీ మింగాను. మూడోది చాలా మంచిది. కుర్చీ చేతిని పట్టుకుని కూర్చున్నాను. నలభై దాటింది. వెనక వాళ్ల నాన్న ముందుకు వంగాడు, ఏదో అందిద్దామన్నట్టు. హెడ్ టీచర్ చెయ్యి కొంచెం పైకెత్తింది, అంతే, అతను ఆగిపోయాడు. ఆ గదిలో ఆ పిల్లకి సాయం చెయ్యాలని లేనివాళ్లు ఎవరూ లేరు, ఎవరూ చెయ్యకుండా ఉన్నారు.

"అబద్ధమే" అంది ఆ పిల్ల.

ఎవరం కదల్లేదు.

"నాకు మీ నూడుల్స్ నచ్చవు అంకుల్. తీపి ఎక్కువ. కానీ మీరు అడిగేటప్పుడు అందరూ చూస్తుంటారు. నిజం చెబితే మీరు దాని మీద కూడా ఏదో అంటారు, అందరూ నవ్వుతారు. దానికి భయమేసి బాగుందంటాను." ఊపిరి తీసుకుంది. "నేను ఇరవై పేజీల్లో అబద్ధం ఆడేవాళ్లందరూ చెడ్డవాళ్లన్నట్టు రాశాను. నేను రోజూ ఆడుతున్నానని రాసేటప్పుడు గుర్తు రాలేదు. అబద్ధం తప్పు అనే ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ భయపడి ఆడేవాళ్ల గురించి నేను ఏమీ ఆలోచించలేదు. నిజం చెప్పించుకోవాలంటే అడిగేవాళ్లు కూడా... వినేలా అడగాలేమో. అది నా వ్యాసంలో లేదు. ఉండాలి."

తర్కం మాష్టారు అక్కడ పట్టుకున్నాడు. "అయితే తప్పు అడిగినవాడిదా?"

ఆ పిల్ల మళ్లీ ఆగింది. ఈసారి నాకు అంత కష్టం కాలేదు, సగం మనసు నూడుల్స్ దగ్గరే ఉంది. "కాదు సర్. ఆడింది నేనే. తప్పు నాదే. కానీ ఆయన కూడా కొంచెం..." అని ఆగి, నా వైపు చూసి, "కొంచెం" అని అక్కడితో ముగించింది.

అక్కడి నుంచి ఇంకో పావుగంట మాట్లాడింది. కొన్నిచోట్ల తడబడింది. ఒకచోట తనే చెప్పినదాన్ని తనే కాదంది. ఒక్క పాత పెద్దమనిషిని మాత్రం పిలిచింది, అదీ అతను తప్పని చెప్పడానికి.

బయటికి పంపాక ముందు నేనే చెప్పాలి కదా. "గట్టెక్కింది" అన్నాను. "నా నూడుల్స్‌కి తీర్పు చెప్పింది కదా అని కాదు."

"నిజంగా తీపి ఎక్కువే తంబి" అంది హెడ్ టీచర్. తర్కం మాష్టారు తల ఊపాడు. పదకొండేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. నేను ఎలా అడిగానో ఇప్పుడు తెలుస్తోంది.

ఫలితం కాగితం గుమస్తా చేతికి కౌంటర్ దగ్గరే ఇచ్చారు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అంకె లేదు, గ్రేడు లేదు. హెడ్ టీచర్ చేతి రాతలో మూడు వాక్యాలు, కింద గట్టెక్కిందని.

"ఇదేటన్నా, ఇది మార్కా?" అని నాకు చదివి వినిపించాడు. "'జవాబు చెప్పే ముందు భయపడుతుంది. భయపడుతూనే నిజం చెబుతుంది. తొందరపెడితే మాత్రం కంఠస్థంలోకి పారిపోతుంది.' ఇదేం మార్కు?"

"మీ పిల్ల గురించి రాసినారు కదా. అవునో కాదో నువ్వే సూసుకో."

నిలబడే మళ్లీ చదివాడు. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగాడు.

"అచ్చం వాళ్లమ్మే" అన్నాడు. కాగితం మీద వేలు పెట్టి, "ఇన్నేళ్లు మార్కుల కాయితంలో ఇది నాకు కనపడ్నేదు."

నేనేమీ అనలేదు. అలవాటవుతోంది.

బ్యాగు తెరిచాడు. అవతలి బడి ఫారం తీసి పక్కన పెట్టాడు. దాని కింద నుంచి మా బడి ఆఖరి ఏడాది ఫారం తీశాడు, అదీ తెచ్చే ఉన్నాడన్నమాట. సంతకానికి పెన్ను అడిగాడు. నా దగ్గర లేదు. ఇంత పెద్ద బడిలో పెన్ను లేనివాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. మెట్ల దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్న కూతురు దిగివచ్చి తన పెన్ను ఇచ్చింది. మూత తియ్యడం మర్చిపోయింది. అతను అలాగే రాయబోయి, తనే మూత తీసుకుని, సంతకం పెట్టాడు.